బస్తాలు ముందెక్కిన గోవ

రండి బిడ్డా, ఇంకొంచెం ఇటు జరగండి. గడప మీద కూర్చున్న పిల్లా, నువ్వు కూడా లోపలికి రా, అక్కడికి మాట సగమే చేరుతుంది. ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. ఇది గట్టిగా అరిచి చెప్పే సంగతి కాదు, దగ్గర కూర్చుని వినాల్సింది.

గోవ కట్టే ఖాదర్ సంగతి ఇది. గోవ అంటే చూసే ఉంటారు. గోడ మనిషి ఎత్తు దాటిందంటే కింద నిలబడితే చేయి అందదు. అప్పుడు గోడ పక్కన సర్వి కర్రలు నిలబెట్టి, అడ్డకర్రలు కట్టి, పైన పలకలు పరుస్తారు. సుతారి వాటి మీద నిలబడి ఇటుక పేరుస్తాడు, సిమెంటు పూస్తాడు. పనైపోగానే దాన్ని విప్పేస్తారు. కొత్తింట్లో పాలు పొంగించిన నాడు మేస్త్రికి బట్టలు పెడతారు, తలుపులు చేసిన వడ్లాయనకు బట్టలు పెడతారు. గోవ కట్టినవాణ్ణి పిలవాలని ఎవరికీ తోచదు. పిలవకూడదని కాదు. అతను చేసిన పని ఆనాటికి అక్కడ కనబడదు, అంతే.

ఖాదర్‌ది నర్మెట్ట. ఎండిన కందికట్టెలా ఉంటాడు మనిషి. గాలికి చొక్కా ఒక్కటే ఊగుతున్నట్టు ఉంటుంది, లోపల మనిషి ఉన్నాడా అని అనుమానం వస్తుంది. భార్య హాజిరా బీ పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు కలగలేదు. జనగామలో ఒక రేకుల గదిలో ఉంటాడు. గదిలో ఒక మంచం, ఒక పొయ్యి, మూలకు తాళ్ళ చుట్టలు. అయినా చాలాకాలం దాకా అతణ్ణి ఒంటరివాడని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే పక్కన ఐలయ్య ఉండేవాడు.

ఐలయ్యదీ నర్మెట్టే. సుతారి. దుక్కలాంటి మనిషి, నవ్వితే పక్క వీధికి వినబడేది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే చెలకలో మేకలు కాశారు. ఒకరిది మసీదు గడప, ఒకరిది బోనం ఎత్తే గడప, అయినా వరస కలిపేసుకుని 'బావా' అంటే 'బావా' అనుకునేవారు. ఖాదర్ కట్టని గోవ ఐలయ్య ఎక్కేవాడు కాదు. ఐలయ్య లేని పనికి ఖాదర్ పోయేవాడు కాదు. ఇరవై రెండేళ్ళు అట్లా నడిచింది.

ఇప్పుడొక ఆనవాయితీ చెప్పాలి, అది తెలియకపోతే కథ తెలియదు. వాళ్ళు పనిచేసే చోట్ల, గోవ కట్టినవాడే ముందు ఎక్కాలి. పై పలక మీద నిలబడి బీడీ ముట్టించి, అది కాలి వేలికి వేడి తగిలేదాకా దిగకూడదు. కింద అందరూ తలలెత్తి చూస్తుంటారు. బీడీ అయిపోయి అతను దిగాడంటే గోవ మంచిదని లెక్క. ముందు నీ ప్రాణం పెట్టి చూపించు, తరువాత మా ప్రాణం పెడతాం అని దాని అర్థం. ఎవరు మొదలుపెట్టారో గానీ మంచి మనసుతోనే పెట్టి ఉంటారు.

రెండేళ్ళ కిందట భూపాలపల్లిలో ఒక ఇంటి పనికి ఇద్దరూ పోయారు. అది గుంత పూడ్చి మట్టి పోసిన జాగా. వానలు పడి వెలిశాయి, నాలుగు రోజులు ఎండ కాసింది. పైన పెచ్చు కట్టి నేల గట్టిగా కనబడింది. ఖాదర్ మడమతో తన్ని చూశాడు, ఠంగుమంది. కర్రలు నిలబెట్టాడు. గోవ కాలు ఒకటి కిందికి అందకపోతే సగం ఇటుక ముక్క పెట్టి ఎత్తు చేశాడు. అందరూ చేసేదే అది, అంతకుముందు అతనూ వంద చోట్ల చేసిందే. ఎక్కాడు, బీడీ కాల్చాడు, దిగాడు. కిందనుంచి ఐలయ్య, నువ్వెక్కితే గోవకు కాకి వాలినట్టు కూడా ఉండదు బావా అని నవ్వించాడు. తరువాత తను ఎక్కాడు. వెంట ఇంకో ఇద్దరు, రెండు గమేళాల సిమెంటు మాలు, పలక నిండా ఇటుకలు.

పొద్దు నెత్తి మీదికి రాకముందే ఇటుక ముక్క పగిలింది. కాలు మోకాలి లోతు దిగబడింది. గోవ గోడను విడిచి బయటికి ఒరిగింది. ఇద్దరు కిటికీ చువ్వలు పట్టుకుని బతికారు. ఐలయ్య చేతిలో గమేళా ఉంది. వరంగల్ దవాఖానలో మూడో రోజు పోయాడు.

నోరు తెరిచి ఖాదర్‌ను ఎవరూ ఒక్క మాట అనలేదు. బీడీ కాల్చాడు కదా, ఆనవాయితీ తప్పలేదు కదా అన్నారు. వాడి గీత అట్లా ఉంది అన్నారు. తిట్టి ఉంటే బాగుండేదని ఖాదర్‌కు చాలాసార్లు అనిపించింది. తిట్టినవాళ్ళ ముందు తల వంచుకోవచ్చు, ఏడవొచ్చు. ఏమీ అననివాళ్ళ ముందు ఎట్లా నిలబడాలో అతనికి తెలియలేదు.

ఐలయ్య తమ్ముడు దయాకర్. అన్న చేతి కింద పని నేర్చినవాడే, అతనూ సుతారే. మట్టి పెట్టిన నాడు ఖాదర్ వైపు చూడలేదు. తరువాత రెండు నెలలకు జనగామలో ఒక షట్టర్ల బిల్డింగు దగ్గర ఖాదర్ గోవ కడుతున్నాడు. దయాకర్ పనికని వచ్చి, ఆ గోవ ఎవరు కట్టారో చూసి, సంచిలోనుంచి తీసిన తాపీని మళ్ళీ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పదిమంది చూశారు. ఆ పదిమంది ఇంకో పదిమందికి చెప్పారు. తరువాత ఒక్కొక్కరూ ఖాదర్ కట్టిన గోవ అంటే వెనకాడటం మొదలుపెట్టారు. ఎవరికో నడుము నొప్పి వచ్చేది, ఎవరికో ఊళ్ళో పని పడేది. ఖాదర్‌కు అన్నీ అర్థమయ్యేవి. తన పేరు తెలియని ఊళ్ళు వెతుక్కుంటూ పోయేవాడు. అన్నం వేళకు అందరూ ఒక చోట కూర్చుంటే తను కర్రల కుప్ప అవతల కూర్చునేవాడు. రోజు మొత్తం మీద అతను మాట్లాడేది చాయ్ అమ్మేవాడితోనే.

మనిషికి మాట లేకపోతే ఆలోచన పెరుగుతుంది. ఒకనాడు పని లేదు. ఒక్కడే బస్సెక్కి భూపాలపల్లి పోయాడు. ఇల్లు పూర్తయింది, రంగులు కూడా వేశారు. గోడ పక్కన కాలు దిగబడిన గుంత మాత్రం అట్లాగే ఉంది, నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ ఇంటివాళ్ళు ఎవరు కావాలి అని అడిగితే ఎవరూ వద్దు అని చెప్పి, రోడ్డు అవతల రాయి మీద కూర్చుని సాయంత్రం దాకా ఆ గుంతనే చూశాడు. చూడగా చూడగా తెలిసింది. తను బీడీ కాల్చిన మాట నిజం. కానీ తన బరువెంత? పైకి పోయే ముగ్గురు మనుషుల బరువెంత, మాలు ఎంత, ఇటుకలు ఎంత? పైగా నేల బీడీ కాలినంత తొందరగా జవాబు చెప్పదు. నానిన నేల నిదానంగా దిగుతుంది. తను ఎక్కి నిలబడింది మంచి మనసుతోనే, కానీ ఆ నిలబడటమే అందరినీ నమ్మించింది.

ఆ రోజు నుంచి అతను ఎక్కడ గోవ కట్టినా పద్ధతి మార్చాడు. బీడీ మానేశాడు. ఇసుక బస్తాలు నింపుతాడు. పైకి ఎంతమంది ఎక్కుతారో, ఎంత సామాను పోతుందో అడిగి, అంత బరువూ, దాని మీద ఇంకో సగం. గోవ కింద ఎవరినీ ఉండనివ్వడు. ప్రతి రెండు కాళ్ళ నడుమా అడ్డకర్ర మీదుగా తాడు వేసి, దూరంగా నిలబడి బస్తాను లాగి, నేలకు జానెడు ఎత్తున వేలాడదీసి, తాడును గూటానికి కట్టేస్తాడు. ఒక పగలు, ఒక రాత్రి అట్లాగే వదిలేస్తాడు. కాలు దిగబడిందంటే దాని పక్క బస్తా వచ్చి నేలకు ఆనుతుంది. గోవ కూలదు, ఎవరికీ దెబ్బ తగలదు, దోషం మాత్రం కనబడుతుంది. అంతే, ఇందులో పెద్ద చదువేమీ లేదు. కానీ ఒకటిన్నర రోజు పని ఆగుతుంది. అందుకని మేస్త్రీలు విసుక్కునేవాళ్ళు, ఒకసారి పిలిచినవాళ్ళు రెండోసారి పిలిచేవాళ్ళు కాదు.

ఇట్లా ఉండగా మొన్న దీపావళి పోయాక తుపాను ముసురు పట్టింది గదా, మూడు రోజులు వదలకుండా కురిసింది. ఆ ముసురు వెలిశాక మహబూబాబాద్ మేస్త్రి వెంకట్రాం ఖాదర్‌కు ఫోన్ చేశాడు. జఫర్‌గఢ్ అవతల ఒక ఊళ్ళో చర్చి పని ఉందట. గంట గోపురానికీ ముందు గోడకూ సిమెంటు పూత, క్రిస్మస్ లోపల అయిపోవాలి. రోజూ గోవ కట్టే మనిషి జ్వరమొచ్చి కీళ్ళు పట్టేసి మంచాన పడ్డాడు. సరేనని ఖాదర్ తాళ్ళు భుజాన వేసుకుని పోయాడు.

ఆ చర్చి ఉన్న జాగా ఒక తీరుగా లేదు. ఉత్తరం మూల పరుపుబండ, నున్నగా ఏటవాలుగా ఉంది. అక్కడ కర్ర పెడితే జారుతుంది. దక్షిణం మూల మెత్తని మట్టి. మధ్యలో ఎగుడు దిగుడు. ఖాదర్ మొదటి రోజంతా ఒక్క కర్ర కూడా నిలబెట్టలేదు. గడ్డపార పట్టుకుని అడుగడుగునా పొడుచుకుంటూ తిరిగాడు. బండ మీద ఉలితో కాలు కూర్చునేంత గుంటలు తొలిచాడు. ఏటవాలు ఉన్న చోట ఇటుకలు పేర్చి ఎత్తు చేయలేదు, నేలనే మెట్లుగా కోసి చదును చేశాడు. దక్షిణం మూల తడిమట్టి ఎత్తిపోసి, గట్టి నేల తగిలిందనుకున్న దాకా తవ్వి, మొరం పోసి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టాడు. దాని మీద వెడల్పాటి తుమ్మ పలకలు పరిచాడు, ఒక్కో పలక మీద రెండేసి కాళ్ళు వచ్చేట్టు. చూరు నీళ్ళు అటు రాకుండా చిన్న కాలువ కూడా తీశాడు.

మాలు మోయడానికి ఆ ఊరి చంద్రమ్మ వచ్చేది. అరవై దాటిన మనిషి. చేయి ఎంత నడుస్తుందో నోరు అంతకు రెండింతలు నడుస్తుంది. నడుము మీద చేయి పెట్టుకుని ఆ పలకలను చూసింది.

"ఏందన్నా, కొత్తల్లునికి పీటలేసినట్టు కర్రలకు పీటలేస్తున్నవ్. కాళ్ళు గూడ కడుగుతవా ఏంది?"

రెండేళ్ళలో ఎవరైనా అతనితో ఎకసెక్కం ఆడటం అదే మొదలు. మాట్లాడే అలవాటు పోయింది కదా. ఖాదర్ మాట కూడదీసుకుని అన్నాడు, "కడిగితే అలుగుతరమ్మా వీళ్ళు. తడి పడది."

చంద్రమ్మ నవ్వుకుంటూ పోయింది. ఖాదర్ ఆ మాట తనే అన్నాడా అని కొంతసేపు అట్లాగే నిలబడ్డాడు.

రెండో రోజు గోవ లేచింది. మూలమూలకూ ఏటవాలు కర్రలు కట్టి, కిటికీల గుండా గోడకు బిగించాడు. మధ్యాహ్నానికి బైకు మీద గోపురం పనికి సుతారి వచ్చాడు. ఎవరనుకున్నారు? దయాకర్. గోపురం అంచులు తీర్చడంలో ఆ చుట్టుపక్కల అతనిది పేరున్న చేయి. వెంకట్రాంకు ఇద్దరి సంగతీ తెలుసు, తెలిసే ఇద్దరికీ చెప్పకుండా పిలిచాడు. పని ముందు అవన్నీ ఎక్కడివి అనుకున్నాడు.

దయాకర్ బండి దిగలేదు. గోవను కింది నుంచి పైదాకా చూశాడు, ఖాదర్‌ను చూడలేదు. వెంకట్రాంను పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. వెంకట్రాం ఖాదర్ దగ్గరికి వచ్చి ఉన్నమాట చెప్పేశాడు. నువ్వు కట్టింది అతను ఎక్కనంటున్నాడు. అతను లేకుండా గోపురం కాదు. ఎల్లుండిలోగా అతను ఎక్కితే సరే, లేకపోతే నేను వేరేవాళ్ళను పెట్టి ఇదంతా విప్పించి మళ్ళీ కట్టించుకుంటాను, నువ్వు బాధపడకు అన్నాడు.

ఖాదర్‌కు పని పోతుందన్న భయం లేదు బిడ్డా. పనులు పోవడం అతనికి అలవాటైపోయింది. కానీ ఆ ఒక్క మనిషి తన గోవ మీద కాలు పెట్టాలని రెండేళ్ళుగా అతను కోరుకుంటున్నాడు. వేరే ఎవరు ఎక్కినా ఎక్కకపోయినా ఒకటే. ఐలయ్య రక్తం ఎక్కాలి, దిగి ఇంటికి క్షేమంగా పోవాలి. అది జరిగేదాకా తను కట్టే ప్రతి గోవా భూపాలపల్లి గోవే. ఈ మాట అతను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు?

ఖాదర్ బస్తాలు నింపడం మొదలుపెట్టాడు. వెంకట్రాంకు చిరాకు లేచింది. చంద్రమ్మ ఉంది, మాలు కలిపే ఇద్దరు ఉన్నారు, చర్చి పెద్ద జోసెఫ్ కూడా వచ్చి చూస్తున్నాడు. అందరి ముందూ అడిగాడు. గోవ కట్టినవాడు ఎక్కి బీడీ కాల్చడం తాతల నాటి ఆనవాయితీ, నువ్వు ఎక్కి చూపిస్తే దయాకర్ ధైర్యం చేస్తాడు కదా, ఈ బస్తాల గొడవ ఏమిటి అన్నాడు. దయాకర్ అప్పటికి బండి దిగి వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. వింటున్నాడు.

"నేనెక్క," అన్నాడు ఖాదర్.

కట్టినవాడు నేను ఎక్కను అనడం ఆ పనుల్లో ఎవరూ విని ఎరగరు. అంటే తనకే తన గోవ మీద నమ్మకం లేదన్నమాట. జోసెఫ్ మొహం ఎటో తిప్పుకున్నాడు. వెంకట్రాం భయమా అని అడిగాడు.

"భయం గాదు. నా బరువెంత చెప్పు. నేనెక్కి దిగితే మీరంత నమ్ముతరు. గోవ ఆగిందని గాదు, నేను దిగిన్నని నమ్ముతరు. అట్ల ఒకపారి నమ్మిచ్చిన. ఇగ నమ్మియ్య."

చెప్పేసి వంగి ఇసుక ఎత్తుకున్నాడు. చంద్రమ్మ ఏమనుకుందో, బస్తా మూతి విప్పి పట్టుకుంది. పొద్దు వాలేసరికి పద్నాలుగు బస్తాలు జానెడు ఎత్తున వేలాడుతున్నాయి. ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయారు. దయాకర్ పోతూ పోతూ, వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు. ఖాదర్ చర్చి వసారాలోనే పడుకున్నాడు.

మరునాడంతా గోవ అట్లాగే ఉంది. వెంకట్రాం గడియారం చూసుకుంటూ తిరిగాడు, కోపమంతా మాలు కలిపేవాళ్ళ మీద చూపించాడు. బస్తాలన్నీ వేలాడుతూనే ఉన్నాయి. సాయంత్రం వచ్చి, అయింది కదా నీ పరీక్ష, ఇక దించు అన్నాడు. ఒక రాత్రి కూడా కావాలన్నాడు ఖాదర్. తిట్టుకుంటూ పోయాడు అతను.

తెల్లవారి చంద్రమ్మే ముందు చూసింది. దక్షిణం మూల బస్తా నేల మీద కూర్చుని ఉంది. దిగి కూర్చున్న మనిషిలాగే ఉంది అది, కాస్త పక్కకు ఒరిగి. మిగతా పదమూడూ గాల్లోనే ఉన్నాయి. ఆ మూల కాళ్ళ కింద తుమ్మ పలక బెత్తెడు లోతుకు దిగి, నడుమ పగులు పట్టింది. పైన గోవ గోడను విడిచి అరచేయి పట్టేంత సందు ఇచ్చింది.

బస్తాలన్నీ జాగ్రత్తగా దించి, ఆ మూల కర్రలు విప్పి తవ్వారు. ఖాదర్ పోసిన మొరం వచ్చింది. దాని కింద అతనికి గడ్డపార తగిలి ఆగిన గట్టి నేల వచ్చింది. మూరెడు మందం లేదు అది. దాని కింద బూడిద, మురిగిన ఊక, మెత్తగా నల్లగా. గడ్డపార ఒక్క పోటుకు పిడిదాకా పోయింది. ఇంకా తవ్వితే గుండ్రంగా మట్టితో మెత్తిన గోడలు తేలాయి.

అప్పుడు చంద్రమ్మ నోటి మీద చేయి వేసుకుంది. ఇది పాతర కదా అంది. పూర్వం జొన్నలు పురుగు పట్టకుండా నేలలో బొర్ర తవ్వి పోసుకునేవాళ్ళు, ఇంటింటికీ ఉండేది. చర్చి కట్టకముందు ఇక్కడ ఇళ్ళుండేవని తన అత్త చెప్పేదట. ఇళ్ళు కూలాయి, పాతరలో చెత్త పోసి పైన మట్టి కప్పారు. కప్పినవాళ్ళు పోయారు. ఊరు మరిచిపోయింది. ముసురుకు నీళ్ళు లోపలికి దిగాయి.

వెంకట్రాం గుంత అంచున చతికిలబడ్డాడు. నిన్న పొద్దున్నే ముగ్గురిని ఎక్కించేవాణ్ణి అన్నాడు, ఎవరితోనో కాదు, ఊరికే. జోసెఫ్ కళ్ళు మూసుకుని పెదవులు కదిలించాడు.

దయాకర్ ఎప్పుడు వచ్చాడో ఎవరూ గమనించలేదు. గుంత దగ్గరికి వచ్చి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు. నేల మీద కూర్చున్న బస్తాను చూశాడు. తరువాత రెండేళ్ళకు మొదటిసారి ఖాదర్ ముఖంలోకి చూశాడు.

"మా అన్న ఎక్కిననాడు గీ బస్తాలు ఏడున్నయ్?"

అతని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఖాదర్‌కు తేలికయ్యేది. ఆలోచించండి, తను చేసింది సరైనదని అందరి ముందూ రుజువైన ఆ గడియలోనే, భూపాలపల్లిలో ఇదే చేసి ఉంటే ఐలయ్య బతికేవాడని కూడా రుజువైంది. రెండూ ఒక్కటే గుంతలోనుంచి బయటికి వచ్చాయి.

"అప్పుడు తెల్వకుండె," అన్నాడు ఖాదర్.

"తెలిసేటందుకు మా అన్న పోవాల్నా?"

ఖాదర్ ఏదైనా చెప్పొచ్చు. నేల మోసం చేసింది అనొచ్చు, అందరూ అట్లాగే కట్టేవాళ్ళు అనొచ్చు, రాత అనొచ్చు. అవన్నీ జనం అతని కోసం ముందే తయారు చేసి పెట్టారు, తీసుకోవడమే తరువాయి. అతను తీసుకోలేదు.

"ఆ. ఆయన పోయినంకనే తెలిసింది. సగం ఇటుక పెట్టింది నేనే."

దయాకర్ ఇంకా ఏదో అడుగుతాడేమోనని ఖాదర్ చూశాడు. అతను చొక్కా విప్పి కొమ్మకు తగిలించి, గుంతలోకి దిగి, పారతో బూడిద ఎత్తిపోయడం మొదలుపెట్టాడు. ఖాదర్ అంచున నిలబడి గంప అందుకున్నాడు. ఇద్దరూ మధ్యాహ్నం దాకా అట్లా పనిచేశారు, నింపిన గంప పైకి, ఖాళీ గంప కిందికి. మాట లేదు. చంద్రమ్మ కూడా ఆ పూట నోరు మెదపలేదంటే చూసుకోండి.

పాతర అంతా ఖాళీ చేసి, అడుగు నుంచి బండరాళ్ళు, పైన దొడ్డు కంకర, ఆ పైన మొరం పోసి పొరపొరకూ దిమ్మిస కొట్టారు. అయినా ఖాదర్ ఆ పూడ్చిన చోట కాలు పెట్టలేదు. కొత్తగా పూడ్చింది ఎంత కొట్టినా కొత్తదే అన్నాడు. కాళ్ళను పాతర అంచుకు అవతల ఒకటి, ఇవతల ఒకటి గట్టి నేల మీదికి జరిపి, నడుమ రెండు దుంగలు జతగా వేసి బిగించాడు. మళ్ళీ బస్తాలు కట్టాడు. ఈసారి వెంకట్రాం తనే రెండు బస్తాలు మోశాడు. ఒక పగలు, ఒక రాత్రి. ఆ మరునాడు తెల్లవారి చూస్తే పద్నాలుగు బస్తాలూ జానెడు ఎత్తునే ఉన్నాయి.

బస్తాలు దించాక ఖాదర్ గోవ దగ్గరికి పోయి మొదటి అడ్డకర్ర మీద చేయి వేశాడు. ఇప్పుడు ఎక్కినా అబద్ధం కాదు, పైన తాళ్ళ ముడులు ఒకసారి తడిమి చూసుకుందామని. భుజం మీద చేయి పడింది. దయాకర్.

"అక్కర్లే," అన్నాడు.

పక్కకు జరిపి, తనే ఎక్కాడు. మొదటి వరస పలకల దాకా ఎక్కి ఆగాడు. కాలితో పలకను నొక్కి చూశాడు. పైకి పోయాడు. గోపురం ఎదురుగా నిలబడి మాలు పంపమన్నాడు. వెంట ఇంకో ఇద్దరు ఎక్కారు. గమేళాలు చేతులు మారుతూ పైకి పోయాయి.

ఖాదర్‌కు ఇక అక్కడ పని లేదు. గోవ కట్టినవాడికి విప్పేదాకా పని ఉండదు. జనగామ పోయి మళ్ళీ రావొచ్చు. పోలేదు. దక్షిణం మూల దుంగల పక్కన కూర్చుని రోజంతా కాళ్ళ మొదళ్ళు చూస్తూ ఉన్నాడు. తలెత్తితే పలకల సందుల్లోంచి దయాకర్ అరికాళ్ళు కనబడేవి, ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు. సిమెంటు బొట్లు రాలి అతని తల మీద, భుజాల మీద ఆరిపోయాయి. దులుపుకోలేదు. అన్నం వేళకు దయాకర్ దిగి, మాలు కలిపేవాళ్ళతో కలిసి వేపచెట్టు కింద తిన్నాడు. ఖాదర్‌ను పిలవలేదు. ఖాదర్ కూడా పిలుస్తాడని అనుకోలేదు. అనుకోలేదు గానీ, టిఫిన్ మూత తీసి ఒక క్షణం ఆగాడు.

తొమ్మిది రోజులు పని నడిచింది. తొమ్మిది రోజులూ అతను అక్కడే కూర్చున్నాడు. మధ్యలో ఒకనాడు చినుకులు పడితే, అందరినీ దింపి మళ్ళీ బస్తాలు కట్టాడు. అందరికంటే ముందు దయాకర్ దిగాడు.

చివరి రోజు గోపురం అంచులు దారం గీసినట్టు వచ్చాయి. దయాకర్ దిగి, తాపీ కడుక్కుని సంచిలో పెట్టుకున్నాడు. బండి స్టార్ట్ చేశాడు. ఖాదర్ కర్రల పక్కన నిలబడి ఉన్నాడు. బండి అతన్ని దాటి పోయి, కొంచెం దూరంలో ఆగింది. దయాకర్ వెనక్కి తిరగకుండానే అన్నాడు, "పైపలక ఒకటి తడిసి జారుతున్నది. విప్పేటప్పుడు చూస్కో."

అంతే అన్నాడు. నర్మెట్ట దారి పట్టి పోయాడు. దుమ్ము కూడా లేవలేదు, నేల ఇంకా తడిగానే ఉంది.

ఖాదర్ ఆ సాయంత్రం ఒక్కడే గోవ విప్పాడు. తడిసిన పలకను అన్నిటికంటే నిదానంగా దించాడు. తాళ్ళు చుట్టలు చుట్టి, కర్రలు కుప్ప వేసి, బస్తాలలోని ఇసుక కుమ్మరించాడు. బస్సు వచ్చేదాకా రోడ్డు మీద నిలబడ్డాడు. గోపురం నున్నగా కనబడుతోంది, దాని పక్కన ఏమీ లేదు.

ఇదీ సంగతి. ఇప్పుడు లేచి పోతారు, పొండి, కానీ దీన్ని మాత్రం ఇక్కడ వదిలిపోకండి. మీ ఇళ్ళల్లో పని చేసేవాళ్ళున్నారు, రేపు మీరూ ఎక్కడో ఇల్లు కట్టుకుంటారు. ఎక్కడ గోవ లేస్తుంటే అక్కడ ఒక నిమిషం ఆగి, దాని కాళ్ళ కింద ఏముందని అడగండి. ముందు ఏం ఎక్కింది, మనిషా, బస్తానా అని అడగండి. నీకెందుకమ్మా అంటారు, నవ్వుతారు. నవ్వనివ్వండి. నర్మెట్టలో ఐలయ్య అని ఒక సుతారి ఉండేవాడని చెప్పి, ఈ కథ మొదటి నుంచి చెప్పండి. తొందరపడకుండా చెప్పండి.